వేరును పెరికివేయకుడి

ధ్యాన భాగము: యోబు 14:7–9



మన బరంపురంలో మెట్టతామరకు చలి భయము లేదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండి పూయును. అదే దుంపను ఘాటీ ఎక్కి, సుమారు 3,000 అడుగుల ఎత్తుననున్న దారింగబాడిలో నాటినయెడల సంగతి వేరు. డిసెంబరు, జనవరి మాసములలో ఆకాశము నిర్మలముగా ఉండి గాలి కదలని రాత్రులయందు అచ్చట గడ్డిమీద మంచు తెల్లగా పేరుకొనును. తెల్లవారుసరికి మెట్టతామర ఆకులు నల్లబడి వ్రేలాడును.

ఒక సంవత్సరము అచ్చట మా బంధువుల పెరటిలో నాటిన మొక్కలను జనవరిలో చూచి, చచ్చినవని తలంచి మేము పెరికి పారవేసితిమి. ప్రక్కయింటి అమ్మగారు తన మొక్కలను ముట్టలేదు. ఎండిన కాడలను కోయక, మొదళ్లపై జానెడు మందమున ఎండుటాకులు కప్పి, నీరు నిలువకుండ కాలువ తీసెను. మార్చిలో ఆమె పెరటిలో మొలకలు వచ్చెను, మా పెరటిలో గోతులే మిగిలెను. చలి ఆకును చంపెను గాని మట్టి దుంపను కాచెను. దుంపను చంపినది మా చేతులే.

ప్రియులారా, అదే తప్పు సంఘములో కూడ చేయబోతిమి. మన గంజాం జిల్లానుండి వేలాదిమంది సూరత్ మరమగ్గముల పనికి వెళ్లుచున్నారు. అట్లు వెళ్లిన మన యువకుడొకడు మూడేండ్లు సంఘమును పలుకరించలేదు, ఆరాధనకు పోవుటయు మానెను. పెద్దల కూటములో సభ్యుల పట్టీనుండి అతని పేరు కొట్టివేయవలెనని అన్నది మేమే. అతని తల్లి గుమ్మమువద్ద నిలిచి, “అయ్యగారూ, ఈ ఒక్క సంవత్సరము ఉండనీయండి” అనెను. లూకా 13వ అధ్యాయములో అంజూరపు చెట్టుకొరకు తోటమాలి అడిగినదియు అదే గదా! మేము తలవంచుకొని పట్టీ మూసితిమి.

అతడు ఇంకను తిరిగి రాలేదు. అయితే గడచిన క్రిస్మస్‌కు తల్లికి ఫోను చేసి, “గుడిలో ఈసారి ఏ పాటలు పాడిరి?” అని అడిగెనట. మొలక అంతే ఉండును.

దూర ప్రాంతములలో స్థిరపడిన సంఘములారా, మీ మధ్యను ఆకు మాడినవారు ఉందురు. వారిని కప్పుడి: ఒక ఫోను పిలుపు, ఒక పూట భోజనము, ప్రతి దినము ప్రార్థన. గద్దింపులు కుమ్మరింపకుడి, చల్లని నేలలో నీరు నిలిచినయెడల బ్రతికిన దుంపయు కుళ్లును. నరకబడిన చెట్టుకు సహితము నీటి వాసన తగిలిన చాలునని యోబు నిరీక్షించెను. ఆకు మనకు కనబడును, వేరును ప్రభువు ఎరుగును.

ఆమేన్.