సీటు ఎంతవరకు మనది?

అనకాపల్లి నుంచీ విజయనగరం నుంచీ రోజూ విశాఖ వచ్చి పని చేసుకుని వెళ్లేవాళ్ల దగ్గర సీజన్ టికెట్ ఉంటుంది. అది రైలెక్కే హక్కు ఇస్తుంది, సీటు ఇవ్వదు. జనరల్ బోగీలో చోటు దొరికితే కూర్చోవాలి, లేకపోతే తలుపు దగ్గర నిలబడాలి. ఫ్రాన్స్‌లోనూ ఇంతే. యూరప్ రైళ్లలో తిరగడానికి ఇచ్చే యూరైల్ పాసు చేతిలో ఉన్నా, టీజీవీ అనే వేగ రైలు ఎక్కాలంటే విడిగా రుసుము కట్టి సీటు రిజర్వు చేసుకోవాల్సిందే. పైకి ఇది టికెట్ల సంగతిలా కనిపిస్తుంది కానీ లోపల ధర్మశాస్త్రాల పాత ప్రశ్నే ఉంది. అందరిదీ అయిన దానిలో కొంత భాగం ఒకరి సొంతం ఎలా అవుతుంది? అయితే, ఎంతవరకు?

రోమన్ తత్త్వవేత్త సిసిరో స్టోయిక్కుల మాటగా ఒక వాదం చెప్పాడు: నాటకశాల అందరిదే, అయినా ఎవరు కూర్చున్న చోటు వారిదే అనడం న్యాయమే. నాలుగో శతాబ్దంలో సిజేరియా బిషప్ బేసిల్ అదే నాటకశాలను పట్టుకుని వాదాన్ని తిరగేశాడు. ముందొచ్చి కూర్చుని, అందరి కోసం కట్టిన చోటును తనదే అంటూ వెనక వచ్చేవాళ్లను అడ్డుకునేవాడు ఎలాంటివాడో, సంపన్నుడూ అలాంటివాడే అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. వాటి మధ్య గీత ఎక్కడ గీయాలో భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పాడు: కడుపు నిండేంత వరకే మనిషికి స్వత్వం, అంతకు మించి నాదన్నవాడు దొంగ. సొంతానికి కొలత అవసరమే.

ఈ కొలతను మన రైల్వే నిబంధనలే కొంతవరకు ఒప్పుకున్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకే బెర్తు పడుకోవడానికి. తెల్లారితే మిడిల్ బెర్తు దించేయాలి, కింది బెర్తు మీద మిగతావాళ్లకు చోటివ్వాలి. బెర్తు ఖాళీ అయ్యేదాకా సీటు మాత్రమే ఇచ్చే ఆర్‌ఏసీ టికెట్‌లో ఇది ఇంకా స్పష్టం. పూర్తి ఛార్జీ కట్టిన ఇద్దరు ఒకే సైడ్ లోయర్ బెర్తు మీద ఎదురెదురుగా మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. డబ్బు కట్టాం కాబట్టి చోటంతా మాదే అనే వాదన అక్కడ చెల్లదు.

అలాగైతే రిజర్వేషన్ ఎందుకు అంటారు. ఉండాల్సిందే. అది లేకపోతే సీటు మోచేతి బలం ఉన్నవాడిదవుతుంది. ముసలివాళ్లూ, గర్భిణులూ, చంటిపిల్లల తల్లులూ నిలబడాల్సి వస్తుంది. టికెట్ ఉన్న వ్యక్తి లేచి చోటు వదులుకోవాలని ఎవరూ శాసించలేరు. అయితే ముందొచ్చినవాడికే ముందు అన్నది పూర్తి న్యాయం అంటే మాత్రం ఒప్పుకోలేను. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుచుకుంటుంది. అరవై రోజుల తర్వాత ఎక్కడుంటామో ఎవరికి తెలుసు? సెలవులు ముందే ఖాయమైన ఉద్యోగికి తెలుసు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీకి తెలియదు. శ్రీకాకుళం నుంచి రోగిని విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి తెచ్చే కుటుంబానికి అసలే తెలియదు. వాళ్లకు మిగిలింది ఎక్కువ ధర పెట్టే తత్కాల్, లేదా జనరల్ బోగీ. రేపటి సంగతి ముందే తెలియడం కూడా ఒక ఆస్తే. ఆ ఆస్తి లేనివాళ్లను ఆలస్యంగా వచ్చారని తప్పుపట్టడం అన్యాయం.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. బోగీలు చాలకపోవడం ప్రభుత్వం తప్పు, ప్రయాణికులకు నీతులు చెబితే ఆ తప్పు మరుగున పడిపోతుంది అని. నిజమే, ప్రయాణికుల మంచితనం బోగీలకు బదులు కాదు. కానీ కొత్త బోగీ వచ్చేదాకా ఈ రాత్రి రైలు ఆగదు, అందులో నిలబడ్డ మనిషి కాళ్ల నొప్పీ ఆగదు. పక్క సీటు మీద సంచి పెట్టి, ఎవరైనా అడిగితే మొహం తిప్పుకునే చోట, తన అవసరం తీరాక మిగిలిన దాన్ని కూడా తనదే అనడం ఉంది. నారదుడు దొంగతనం అన్నది సరిగ్గా దాన్నే.

కాబట్టి రెండూ చేయాలి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. అది మన జోన్ అని గర్వపడేవాళ్లం, ముందుగా జనరల్ బోగీలు పెంచమని గట్టిగా అడుగుదాం. ఈలోగా ఉదయం ఆరయ్యాక మిడిల్ బెర్తు దించండి, సంచి సీటు కిందికి తోయండి, కాస్త జరగండి.