అనూరుని సారథ్యము

సూర్యభగవానుని రథమునకు ఏడు గుఱ్ఱములని మన మందరము ఎరుగుదుము. ఆ రథసారథికి తొడలు లేవన్న సంగతి మాత్రము విని వెంటనే మరచిపోవుదుము. వినతాదేవి తొందరపడి గుడ్డు పగులగొట్టగా, నడుము క్రింది భాగము ఏర్పడకమునుపే పుట్టినవాడు అరుణుడు. అందుచేతనే అనూరుడను పేరు కలిగినది. రాహువు తన్ను బాధించునపుడు ఎవ్వరును తోడు రాలేదని సూర్యుడు కోపించి లోకములను దహింపబోగా, బ్రహ్మ అరుణుని తెచ్చి రథము ముందు నిలిపెనని భారతము ఆదిపర్వమున కలదు. ఆ పెద్ద శరీరము అడ్డుగానుండి వేడిమిని తగ్గించునని పితామహుని ఆలోచన. పగ్గములు పట్టుటకు చేతులు కావలెను, గుఱ్ఱముల నెరుక కావలెను. తొడలతో పనియేమి? పని యేమి కోరుచున్నదో, మనిషియందేమి యున్నదో చూచి, ఆ రెంటిని కూర్చువానికి సంస్కృతమున యోజకుడని పేరు.

దానమున మన నెల్లూరు సీమ ఎవరికిని తీసిపోదు. తల్పగిరి రంగనాథుని కోవెల యొద్దను, జొన్నవాడ కామాక్షమ్మ సన్నిధిని రిక్తహస్తములతో వెనుదిరిగిన ఆర్తులు అరుదు. ప్రభుత్వము కూడ 2024 జూలై మొదలు వికలాంగుల నెలసరి పింఛనును 3,000 రూపాయలనుండి 6,000 రూపాయలకు పెంచినది. ఇదంతయు మేలే. అయితే, చాచిన చేతిలో పెట్టి పుణ్యము కట్టుకొను మనము, ఆ చేతికి పని చూపి కూలి చెల్లించుట మన ధర్మములోనిదా కాదా యని విచారించితిమా? ఇది నన్ను చాలకాలముగా వేధించుచున్న ప్రశ్న.

శాస్త్రము ఏమనుచున్నదో దాచక చెప్పవలెను. పుట్టుగ్రుడ్డికి, చెవిటికి, మందబుద్ధికి, మూగకు దాయభాగము లేదని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము. కాని వారికి జీవితాంతము యథాశక్తి అన్నవస్త్రములు ఇయ్యవలెనని, ఇయ్యనివాడు పతితుడగునని వెంటనే చెప్పినది. పాఠశాలలలో ఈ ఘట్టము వచ్చినపుడు రెండవ మాటలోని కరుణను విప్పి చెప్పుట, మొదటి మాటను దాటిపోవుట వాడుక. 1928 నాటి చట్టము ఆ నిషేధమును తొలగించినది; అప్పుడు సైతము పుట్టుకతో మతిలేనివారిని, బుద్ధిమాంద్యము గలవారిని బయటనే ఉంచినది. వారికి హక్కు 1956 నాటి హిందూ వారసత్వ చట్టముతో వచ్చినది. చట్టము మారినను మన మనస్సులలో పాత లెక్కయే నడచుచున్నది: అన్నము పెట్టుదుము, భాగము పెట్టము. ఉద్యోగమును ఒక భాగమే కదా!

మన గ్రంథములలో వేరొక దారియు కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారి నూలు వడికించుటకు ఎవరెవరిని నియోగింపవలెనో చెప్పుచు, విధవలతోపాటు అంగవైకల్యము గల స్త్రీలను పేర్కొన్నాడు. వేతనము ఎట్లు కట్టవలెను? నూలు సన్నమా, ముతకా, నడిమిరకమా, ఎంత వడికినారు అని చూచి. వడికిన చేయి వంకరయా తిన్ననా అన్న మాట ఆ లెక్కలో రాదు. అదే గ్రంథమున ఇంకొక చమత్కారము: ఒంటికంటివానిని ఒంటికంటివాడని దూషించినచో మూడు పణముల దండనము, 'ఎంత అందమైన కన్నులయ్యా!' అని ఎత్తిపొడిచినచో పండ్రెండు పణములు. వికలాంగులన్న మాట మార్చి దివ్యాంగులని, విభిన్న ప్రతిభావంతులని మనము పిలుచుకొనుచున్నాము. పిలిచి, పని లేదని పంపివేసినచో కౌటిల్యుడు ఏ దండనము వేయునో!

2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలు. వారిలో ఏదేని పనిచేయువారు నూటికి ముప్పదియారుగురే. 2016 నాటి హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు కేటాయించినది. ఆ నాలుగింటిలో ఒక్కటే బుద్ధివైకల్యము, ఆటిజము, మానసికవ్యాధి మున్నగువానికి కలిపి. పరీక్ష వ్రాసి నెగ్గలేని పిల్లవానికి ఆ ఒక్కటి కూడ ఎండమావియే.

అట్టి పిల్లలకొరకు పరదేశములలో ఒక పద్ధతి ఏర్పడినది. అమెరికాలోని సిన్సినాటి నగరపు పిల్లల ఆసుపత్రిలో 1996లో ప్రాజెక్ట్ సెర్చ్ అను పేర మొదలైనది. ఇంగ్లండులో 16 మొదలు 24 ఏండ్లవారికి సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్ అని నడపుచున్నారు. పిల్లవానిని తరగతిలో కూర్చుండబెట్టి 'సిద్ధమైన తరువాత' పంపుట కాదు. మొదటనే పనిచోట నిలుపుదురు. ఒక శిక్షకుడు పక్కనుండి, పనిని చిన్నచిన్న భాగములుగా విడదీసి నేర్పి, క్రమముగా తప్పుకొనును. వేదపాఠము చెప్పినవారికి ఇది క్రొత్త కాదు. పదము, క్రమము, జట, ఘనము అని విడదీసి కలిపి చెప్పుటయే గదా మన విద్య!

కోవూరు ప్రాంతపు బియ్యపు మిల్లు ఒకదానిలో అట్టి పిల్లవానిని చూచితిని. ఇరువదియేండ్లవాడు, లెక్క రాదు. ఖాళీ గోతాములను పదేసి కట్టలు కట్టవలెను. అతనికి నేర్పిన మాస్టరుగారు ఒక పలకపై పది గీతలు గీసిరి. గీతకొక గోతాము పరచి, గీతలు నిండగానే అన్నిటిని చుట్టి కట్టును. లెక్క రానివాని కట్టలో లెక్క తప్పదు. మాస్టరుగారు నలువది దినములు పక్కన నిలిచి, పిదప దినము విడిచి దినము వచ్చి, తరువాత మానివేసిరి. 'వీనికి కూలి వచ్చినదని పింఛను తీసివేయుదురా స్వామీ?' అని తల్లి నన్నడిగినది. ఆమె భయము న్యాయమైనది. పని ఎప్పుడు పోవునో తెలియదు, పింఛను తెలిసినది. ఇట్టి తల్లులకు ఆఫీసువారు నోటిమాటతో గాక వ్రాసి జవాబీయవలెను.

ఇందులో ఒక ప్రమాదము కలదు. శిక్షణయను పేర ఏండ్ల తరబడి ఊరక చాకిరి చేయించుకొనువారు ఉందురు. నారదస్మృతి శిల్పము నేర్చుకొను అంతేవాసిని గూర్చి విధించిన నియమములు ఇచ్చట పనికివచ్చును: కాలము ముందుగా నిశ్చయించుకొనవలెను, గురువు తన ఇంట అన్నము పెట్టి నేర్పవలెను, వేరుపనులు చేయింపరాదు, పుత్రునివలె చూడవలెను. ఆ కాలములోని పని ఫలము గురువునిది. కాలము తీరిన పిమ్మట? అప్పటినుండి వేతనము ఈయవలెను, లేదా పంపివేయవలెను. మూడవ మార్గము నాకు కనబడదు.

సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయసంస్థ అజమాయిషీలో నెల్లూరులోనే వికలాంగుల ప్రాంతీయ కేంద్రమొకటి కలదు. నేర్పువారు దూరమున లేరు. రొయ్యల చెరువుల యొద్దను, మంచు ఫ్యాక్టరీలలోను, మిల్లులలోను పనులు కలవు. మన కోవెలలలో లేవా? తులసిదళములు ఏరుట, ప్రసాదపు పొట్లములు కట్టుట, చెప్పుల స్టాండులో చీట్లిచ్చుట, గోశాలలో మేత వేయుట. ధర్మకర్తలు ఒక పూట కూర్చుండి వీనిలో ఏది ఎవరికి ఒప్పునో చూడవచ్చును. పక్కన ఎవరు నిలువవలెను, ఎన్ని నెలలు, ఆ పిమ్మట జీతమెంత అను మూడు సంగతులను మొదటి దినముననే కాగితముపై వ్రాసి, పిల్లవాని తల్లి చేతికొక ప్రతి ఈయవలెను.