సత్యము చెప్పినవాని బాధ్యత

సత్యము పలుకుట ధర్మమని యెల్లరు నంగీకరింతురు. ఎవరికి, ఎప్పుడు, ఏ ఫలము నెఱిగి పలుకవలెనను ప్రశ్న వచ్చినప్పుడే సందేహములు పుట్టును. అట్టి సందేహము వ్యక్తులకే గాక రాజ్యములకును గలుగును. ఒక యుదాహరణమును చదువరుల ముందుంచుచున్నాము.

2005వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, ఇండొనీషియాలోని బాలి ద్వీపమున, తొమ్మండుగురు ఆస్ట్రేలియా దేశస్థులు పట్టుబడిరి. ఎనిమిది కిలోగ్రాములకు మించిన హెరాయిన్‌ను దేహములకు గట్టుకొని స్వదేశమునకు గొనిపోవలెనని వారి పన్నాగము. వీరి పేర్లను, ప్రయాణవివరములను ముందుగనే లేఖలమూలమున ఇండొనీషియా పోలీసులకు దెలిపినవారు ఆస్ట్రేలియా పోలీసులే. ఆస్ట్రేలియాలో 1967 తరువాత నెవ్వరిని ఉరితీసి యుండలేదు. మరణదండనము చట్టములనుండియే తొలగినది. ఇండొనీషియాలోనో, ఈ నేరమునకు మరణదండనము గలదు. 2015 ఏప్రిల్ 29వ తేదీన, ఆండ్రూ చాన్, మయూరన్ సుకుమారన్ అను నిరువురను అచ్చట కాల్చి చంపిరి. 2018లో ఒకడు ఖైదులోనే మరణించెను; ఆ యేడే యొక స్త్రీ విడుదల పొందెను. తక్కిన యైదుగురు 2024 డిసెంబరులో స్వదేశము చేరిరి.

ఇందు మా మనస్సును మిక్కిలి కలచినది యొక తండ్రి వృత్తాంతము. కుమారుడు తప్పుదారిని బడుచున్నాడని శంకించి, ఆతనిని దేశము దాటనీయవలదని న్యాయవాదియగు మిత్రునిద్వారా ఆయన పోలీసులను వేడుకొనెను. కుమారుని నాపినవారు లేరు. తరువాత నాతనికి గూడ గొంతకాలము మరణదండనమే విధింపబడి, 2011లో యావజ్జీవ కారాగారముగా మాఱెను. పోలీసులు చట్టమును మీఱలేదని ఆస్ట్రేలియా న్యాయస్థానము 2006లో తీర్మానించెను. చట్టము మీఱకుండుటయు, ధర్మము నెఱవేర్చుటయు నొక్కటియేనా?

పోలీసుల పక్షమునను బలమైన మాట గలదు. విషద్రవ్యముల వ్యాపారికి సరిహద్దులు లేవు. వానిని వెన్నాడు పోలీసు మాత్రము సరిహద్దుకడ నిలిచిపోయినచో, ఆ గీత దొంగకే కోట యగును. అందుచేతనే 1988లో వియన్నాలో కుదిరిన ఐక్యరాజ్యసమితి యొడంబడిక, దేశములు పరస్పరము సాయపడవలెనని విధించినది. ఆ హెరాయిన్ చేరియుండినచో నెన్ని యిండ్ల దీపము లాఱియుండునో! ప్రయాణమునకు ముందే వారిని నిర్బంధించుటకు దగిన సాక్ష్యము తమకడ లేకుండెనని పోలీసులు 2015లో జెప్పిరి. ఈ మాటను దోసిపుచ్చుట న్యాయము కాదు. కాని సరకుతో దిరిగివచ్చినప్పుడు స్వదేశపు విమానాశ్రయముననే పట్టుకొనరాదా యను ప్రశ్నయు నట్లే నిలిచియున్నది.

మహాభారతము కర్ణపర్వమున కౌశికుని కథ గలదు. ప్రాణభయమున బాఱి దాగినవారి జాడను దొంగలడుగగా, సత్యవ్రతుడగు నా ముని యున్నదున్నట్లు చెప్పెను, వారు చంపబడిరి, ముని నరకము నొందెను. బడిలో నీ కథ చెప్పినప్పుడు, దాగినవారు నిర్దోషులు గదా యని పిల్లలడుగుదురు. నిజమే, బాలిలో బట్టుబడినవారు నిర్దోషులు కారు, అడిగినవారును దొంగలు కారు. అయినను కథలోని సారము మాఱదు: చెప్పినంతనే చెప్పినవాని బాధ్యత తీఱదు, ముందుగ గానదగిన ఫలములో వానికిని భాగము గలదు. తన యింట తాను చేయరాదని మానిన పనిని పొరుగింటివానిచేత జేయించుట, మానుట యగునా?

లోపమెచ్చట నున్నదో చూడుడు. మరణదండనము గల నేరము మోపబడినవానిపై సాక్ష్యమును పరదేశము కోరినప్పుడు, ఆస్ట్రేలియాలోని 1987 నాటి చట్టము ప్రకారము సామాన్యముగా నిరాకరింపవలెను. నేరము మోపకమునుపు పోలీసు పోలీసున కిచ్చు సమాచారమునకో, నాడట్టి యడ్డు లేదు. సాక్ష్యపు ద్వారమున గావలి యున్నది. సమాచారపు ద్వారము తెఱచియున్నది. ప్రాణము పోయినది ఆ రెండవ ద్వారముననే. 2009లో నియమములను సవరించి, ఇట్టి విషయములలో పై యధికారులు ముందుగ నాలోచింపవలెనని యేర్పఱచిరి. ఇది మేలే, కాని యాలోచన వాగ్దానము కాదు.

ఈ విచారము మనకు బరాయిది కాదు. మన దేశపు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునందును, ఈ నేరమును మరల జేసిన కొందఱికి మరణదండనము విధించు వీలు గలదు. కావున నేడు అడుగు దేశమైనను, ఇచ్చు దేశమైనను మనము కావచ్చును.

సమాచారము నాపివేయుడని మేము చెప్పుటలేదు. ఆపినచో వర్తకులకే పండుగ. ప్రాణము తీయబోమని మాట గొనిన పిమ్మటనే యిండని చెప్పుచున్నాము. ఆ మాట దొరకనిచో, నేరస్థుని మన గడపలోననే పట్టుకొనుటకు శ్రమపడవలెను. ఆ శ్రమకు వెఱచి సులభమార్గమును బట్టినవారు, శాసనము తమను విడిచినను, ఆ తండ్రికి జవాబు చెప్పవలసియే యుందురు.