మంచుకొండ ముందు ఎవరి చోటు?

అలాస్కా వెళ్ళే ఓడలో గది ఎంచుకోవడం పైకి డబ్బు లెక్కలాగే కనిపిస్తుంది. ఒకే అంతస్తులో, ఒకే నడవాకు అటూ ఇటూ రెండు రకాల గదులుంటాయి. ఒక వరుసలో గాజు తలుపు, దాని అవతల రెండు కుర్చీలు పట్టే బాల్కనీ, ఆపైన సముద్రం. ఎదురు వరుసలో నాలుగు గోడలు. కిటికీ ఉండదు, దీపం ఆర్పితే పట్టపగలు కూడా కటికచీకటి. రెండు గదుల వాళ్ళూ తినే భోజనం ఒకటే, దిగే రేవులు ఒకటే, ధరలో మాత్రం చాలా తేడా. వేసవిలో సియాటిల్, వాంకూవర్ రేవుల నుంచి బయలుదేరే ఈ ఓడల్లో తెలుగు కుటుంబాలూ ఉంటాయి. పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలకు చూపించే వాటిలో అలాస్కా ఒకటైపోయింది. ఇంత దూరం వచ్చి గోడలు చూస్తూ పడుకోవాలా అని ఒకరంటారు. గది నిద్రపోవడానికే కదా, దానికి అంత పొయ్యడమెందుకని ఇంకొకరంటారు. ఇద్దరి మాటల వెనకా ఖర్చుతో తేలని ప్రశ్న ఒకటుంది. ఒక మహత్తరమైన దృశ్యాన్ని చూడాలంటే దాని ముందు మనకంటూ, మనదే అయిన చోటు ఒకటి ఉండాలా? అక్కర్లేదని నా నమ్మకం. పైగా ఆ సొంత చోటు, తెలియకుండానే, చూపుకు అడ్డం వస్తుందని కూడా అనుకుంటున్నాను.

ముందు ఆ దృశ్యమేమిటో చూద్దాం. ఈ ఓడల్లో చాలా వాటికి ముఖ్యమైన మజిలీ గ్లేసియర్ బే. 1794లో నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం అటు వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు. తీరంలో చిన్న నొక్కు, దాని వెనక గోడలా మంచు. 1879లో ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పడవ మీద వచ్చేసరికి ఆ మంచు పదుల మైళ్ళు వెనక్కి జరిగిపోయింది. ఇప్పుడు ఓడలు వంద కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్తాయి. రోజుకు రెండు పెద్ద విహార నౌకలకు మించి అనుమతించరు. జాతీయ ఉద్యానవనపు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి, ఆ రోజంతా మైకులో వివరాలు చెబుతారు. చివర మార్జరీ హిమానీనదం ఎదురవుతుంది. వెడల్పు సుమారు ఒక మైలు, నీటిపైన ఎత్తు దాదాపు 250 అడుగులు. దాని ముందు ఓడ గంటసేపో అంతకన్నా కాస్త ఎక్కువసేపో ఆగుతుంది. అన్ని వైపుల వాళ్ళకూ కనిపించాలని కెప్టెన్ ఓడను మెల్లగా తిప్పుతాడు. ఆ గంటలో మంచుపెళ్ళ విరిగి నీళ్ళలో పడవచ్చు, పడకపోవచ్చు. పడినా ముందు కంటికి కనిపిస్తుంది, చప్పుడు ఆ తర్వాత చేరుతుంది. చప్పుడు విని తల తిప్పినవాడికి ఎగసిన నీళ్ళే మిగులుతాయి. అప్పటిదాకా చూస్తూ ఉన్నవాడికే అది దక్కుతుంది, వాడు ఏ గది వాడైనా సరే. నా వాదన మొత్తం ఈ చిన్న సంగతి మీదే నిలబడి ఉంది. అక్కడ కావలసిన మూలధనం ఎదురుచూపు. దాన్ని ఏ ఓడ కంపెనీ అమ్మలేదు.

దృశ్యాన్ని గదిలోకి చేరవేయగల సరుకుగా చూడటం ఈ వ్యాపారంలో మరీ పాతదేమీ కాదు. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ ఓడలో గదులన్నీ బయటివైపే కట్టారు, వాటిలో చాలా గదులకు బాల్కనీలూ పెట్టారు. అప్పటికది విశేషం. ఇవాళ కొత్త ఓడల్లో బాల్కనీ గదులదే పెద్ద వాటా. 2011లో డిస్నీ డ్రీమ్ ఓడ లోపలి గదులకు, బయటి కెమెరాల దృశ్యాన్ని చూపించే గుండ్రటి తెరలు అమర్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే నావిగేటర్ ఆఫ్ ద సీస్ ఓడ లోపలి గదుల్లో నేల నుంచి పైకప్పు దాకా తెరలు వెలిశాయి. కెమెరా చూసేదంతా, అదే క్షణంలో, అంతే రంగులతో మంచం ముందుకొస్తుంది. అయినా ఆ తెర చూసి హిమానీనదాన్ని చూశామని ఎవరూ అనుకోరు. ఎందుకని? బొమ్మలో లోపం లేదు. లోపమల్లా చూసేవాడు అక్కడ లేకపోవడమే. మొహానికి కొట్టే చలిగాలి, ఎప్పుడు విరుగుతుందో తెలియని ఉత్కంఠ, ఆ మంచు ముందు మనిషి ఎంత చిన్నవాడో ఒంటికి తెలియడం, ఇవన్నీ కలిస్తేనే అది చూడటం. బాల్కనీలో చలిగాలి ఉంటుంది, ఒప్పుకుంటాను. తెరకూ బాల్కనీకీ మధ్య దూరం చాలానే ఉంది. అయినా రెండింటి వెనకా ఉన్న ఊహ ఒకటే: దృశ్యం మన దగ్గరికి రావాలి, మన వీలు చూసుకుని, మన గది కొలతల్లో ఇమిడి రావాలి.

ఈ ఊహను కాదనడానికి నాకు ఇద్దరు తాత్వికుల అండ ఉంది. వాళ్ళ మధ్య దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ దూరం, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. 1790లో వెలువడిన తన గ్రంథంలో కాంట్, ఒక వస్తువు అందమైనదని నిజంగా తీర్పు చెప్పాలంటే అది నాకు ఉండాలన్న కోరిక ఆ తీర్పులో కలవకూడదన్నాడు. భవనం బాగుందా అని అడిగితే, అందులో ఉండాలని ఉందా లేదా అన్నది జవాబు కాదు. కాశ్మీరంలో వెయ్యేళ్ళ కిందటి అభినవగుప్తుడు రసానుభవానికి కలిగే విఘ్నాలను లెక్కపెడుతూ, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడాన్ని వాటిలో చేర్చాడు. ఇది నాది, ఇది పరాయివాడిది అన్న గీత చెరిగినప్పుడే రసం పుడుతుందన్నది ఆ సంప్రదాయపు పట్టు. ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. నాట్యమో గానమో చూస్తున్న సభ అంతా ఒకే మనసుగా లీనమైనప్పుడు ఒక్కొక్కరి ఆనందం చీలిపోదని, పెరుగుతుందని ఆయన అభిప్రాయం. రంగస్థలం గురించి చెప్పింది మంచుకొండకు వర్తిస్తుందా అని అడగవచ్చు. కళ మనిషి చేసినది, మంచుకొండ కాదు, నిజమే. కానీ ఆయన పరీక్షిస్తున్నది చూసేవాడి మనఃస్థితిని. ఆ మనసు నాటకం ముందున్నా ప్రకృతి ముందున్నా ఒకటే మనసు. పై డెక్కు మీద వందల మంది మాటలాపి ఒకే వైపు తిరిగి నిలబడితే, ఆ మౌనం పక్కవాడి నుంచి మనకూ అంటుకుంటుంది. గోడ కట్టుకున్న బాల్కనీలో ఆ సభ ఉండదు.

డబ్బు పెట్టి దగ్గరగా చూడటం మనకు కొత్త కాదు కదా అనవచ్చు. తిరుమలలో సర్వదర్శనానికి టికెట్టు లేదు, ప్రత్యేక ప్రవేశానికి 300 రూపాయలు, శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే బ్రేక్ దర్శనానికి వీలు. మరింత దగ్గరగా నిలబడి చూసినవాడికి స్వామి మరింత బాగా కనిపించాడన్నది కాదనలేం. కంటికి దూరం దూరమే. గంటల తరబడి క్యూలో నిలిచినవాడికి దక్కే క్షణాలు ఎంత తక్కువో అందరికీ తెలుసు. కాబట్టి చోటుకు విలువే లేదని నేను వాదించడం లేదు. ఓడ విషయంలో అసలు సంగతి తారుమారుగా ఉంది. ఇక్కడ ఎక్కువ డబ్బు కొనిపెట్టేది దగ్గరితనాన్ని కాదు. బాల్కనీ ఓడకు ఒకే పక్క చూస్తుంది. రెండో పక్క తిమింగలం పైకి తేలితే ఆ గదివారికి తెలిసేది కేకలు వినిపించాకే. ముందుభాగపు డెక్కు, పై డెక్కు అందరివీ, అక్కడి నుంచే ఆకాశం పూర్తిగా కనిపిస్తుంది, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నాలుగడుగుల్లో పోవచ్చు. గొప్ప చోటు ఉచితంగా ఉంది, తక్కువ చోటుకు వెల ఉంది. ఆ వెల దేనికి? నాది అనే మాటకు.

దీనికి గట్టి ఆక్షేపణ ఏకాంతం వైపు నుంచి వస్తుంది. గుంపులో, సెల్‌ఫోన్ల మధ్య, మోచేతులు తగులుతుంటే ధ్యానమేమిటి? భగవద్గీత పదమూడో అధ్యాయం జ్ఞానానికి గుర్తులు చెబుతూ ఏకాంత ప్రదేశంలో ఉండటాన్నీ జనసమూహం మీద ప్రీతి లేకపోవడాన్నీ చేర్చింది. బాల్కనీ అడిగేవాడు అదే కదా అడుగుతున్నాడు? ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదు. కొందరు నిజంగానే ఒంటరిగా ఉంటే తప్ప చూడలేరు. కానీ అదే పట్టికలో, ఆ గుర్తుకు కాస్త ముందే, ఇల్లూ వాకిలీ మీద అంటు లేకపోవడం కూడా ఉంది. అక్కడ ఏకాంతం నాది అన్నదాన్ని పలచన చేసే సాధనం. తాళం వేసుకున్న చోటు ఆ పని చేస్తుందో దాన్నే చిక్కబరుస్తుందో ఎవరికి వారు చూసుకోవలసిందే. ఆ మాటకొస్తే లోపలి గది కూడా ఏకాంతమే, ఒక విధంగా ఇంకా గాఢమైనది. జూన్‌లో ఆ ప్రాంతంలో సుమారు 18 గంటలు వెలుతురుంటుంది. ఆగని వెలుతురు, ఆగని దృశ్యాల మధ్య కళ్ళకు చీకటి ఒక వరం. దృశ్యం ఎప్పుడూ తలుపవతలే ఉందన్న భరోసా వాయిదాకు దారి తీస్తుంది, ఇంకాసేపయ్యాక చూద్దామనిపిస్తుంది. చీకటి గదిలో ఉన్నవాడు చూడాలంటే లేచి, చలికోటు తొడుక్కుని, మెట్లెక్కి బయటికి రావాలి. వచ్చాక వృథాగా నిలబడడు.

ఇంతకన్నా లోతైన ఆక్షేపణ ఆ అఖాతమే చేస్తుంది. ప్రకృతి ఎవరి సొత్తూ కాదని నేను తేలిగ్గా అనేస్తే, అక్కడి మూలవాసులైన హూనా ట్లింగిట్ ప్రజలు ఒప్పుకోరు. వాళ్ళ వంశాలకు కొండలూ నదులూ హిమానీనదాలూ సొంతమే. చూకనెయ్‌దీ వంశంవారి కథలో, ఏకాంతంలో ఉంచిన కాస్తీన్ అనే పిల్ల నియమం తప్పి మంచును పిలుస్తుంది, మంచు ఊరి మీదికి కదిలి వస్తుంది. అందరూ పడవలెక్కి వెళ్ళిపోతుంటే ఒక స్త్రీ అక్కడే ఉండిపోతుంది. ఆ స్త్రీ కాస్తీనే అని ఒక కథనం, ఆమె బదులు ఉండిపోయిన అమ్మమ్మ అని ఇంకొకటి. 1700ల మధ్యకాలంలో మంచు ముందుకు జరిగి అక్కడి నివాసాలను కప్పేసిందని భూగర్భ శాస్త్రమూ చెబుతోంది. ఒక ప్రాణం చెల్లించి వచ్చినది కాబట్టి ఆ హిమానీనదం తమదని వాళ్ళు అంటారు. 1925లో ఆ ప్రాంతం జాతీయ స్మారకమయ్యాక తరతరాల వేటకూ సేకరణకూ ఆంక్షలొచ్చాయి. 2016లో గానీ అఖాతం ఒడ్డున వాళ్ళ వంశాల ఉమ్మడి గృహం మళ్ళీ లేవలేదు. ఈ చరిత్ర ముందు నా వాదనను నేను సవరించుకోవాలి. ఒక చోటు మనిషిదవుతుంది, కాకపోతే అందులో తాను ఏం పెట్టాడన్న దాన్నిబట్టి అవుతుంది. ట్లింగిట్ స్త్రీ తన ఉనికినే పెట్టింది. ఓడ మీది యాత్రికుడు పెట్టగలిగింది చాలా చిన్నది, ఒక రోజు పూర్తి శ్రద్ధ. ఆ శ్రద్ధ పెట్టినవాడికి ఆ అఖాతంతో ఏదో సంబంధం ఏర్పడుతుంది. బాల్కనీకి కట్టిన సొమ్ము ఓడ కంపెనీతో మాత్రమే సంబంధం ఏర్పరుస్తుంది.

ఇదంతా అందని ద్రాక్ష పుల్లన అన్న చందమేనని ఎవరైనా అనవచ్చు. స్థోమత లేనివాడు తన లోటుకు తాత్విక కారణాలు వెతుక్కుంటున్నాడని అనుమానించవచ్చు. కానీ కారణం ఎవరికి లాభమన్న దాన్నిబట్టి అబద్ధమైపోదు. బాల్కనీ కొనగలిగినవాడికి కూడా పై వాదన అంతే బరువుతో తగులుతుంది. లోపలి గది తీసుకున్నంత మాత్రాన చూపు శుద్ధి అయిపోతుందని కూడా నేననను. అఖాతంలో ఉన్న రోజు భోజనశాలలోనే గడిపేసే లోపలి గదివారూ, తెల్లవారుజాము నుంచి దుప్పటి కప్పుకుని కదలకుండా చూసే బాల్కనీవారూ ఉండొచ్చు, ఉంటారు. మోకాళ్ళు పట్టేసిన తండ్రికి, గుంపులో ఊపిరాడని తల్లికి, మూసిన గదిలో భయపడే మనిషికి బాల్కనీ విలాసం కాదు. వాళ్ళ ఒంటి పరిమితిలో చూడటానికి ఉన్న దారి అదే. వాళ్ళకోసం ఖర్చు పెట్టడంలో నాకే సందేహమూ లేదు. కాళ్ళు బాగున్న పిల్లలు ఎదురు వరుసలో చీకటి గది తీసుకుని, వాళ్ళకు ఆ గాజు తలుపు గది ఇవ్వడం మంచి పంపకం. పక్కపక్క బాల్కనీలే తీసుకున్న కుటుంబాలకు ఇంకో వెసులుబాటుంది. కొన్ని ఓడల్లో రెండు బాల్కనీల మధ్య అడ్డుపలకను, అడిగితే, సిబ్బంది తెరిచిపెడతారు.