చెవి యెముక



మనకు అర్థము కాని వస్తువు మన చేతికి వచ్చినప్పుడు దానిపట్ల మనకు ఏమైన బాధ్యత కలదా? ఈ నెల మీ యెదుట ఉంచదలచిన ప్రశ్న ఇదియే. విలువ తెలిసినదానిని అందరును భద్రము చేయుదురు. బంగారమును గుడ్డలో చుట్టి పెట్టె అడుగున దాచుమని ఏ బోధకుడును ప్రసంగము చేయనక్కరలేదు. విలువ తెలియనిదాని సంగతియే నన్ను బాధించుచున్నది. ఈ ప్రశ్న నాకు వేదాంత పాఠశాలలో పుట్టలేదు. ఒక రాతివలన పుట్టినది.

పన్నెండేండ్ల క్రిందట, నేను ఈ సంఘమునకు వచ్చిన క్రొత్తలో, ఏడవ తరగతి చదువు పిల్లవాడొకడు వేసవి సెలవులకు వేంపల్లెలోని తన అవ్వగారి యింటికి పోయి, వచ్చునప్పుడు సంచిలో ఒక రాయి వేసికొని వచ్చెను. ఉల్లిగడ్డను అడ్డముగా కోసినట్లు దానిలో పొరమీద పొర యుండెను. అది శనివారము సాయంకాలము. మరునాటి ప్రసంగము ఇంకను సగమైనను కాలేదు. వాడు వసారాలో నిలుచుండి, "అయ్యా, దీంట్లో చేప ఉండాదా?" అని అడిగెను. నేను తల యెత్తకుండనే, "రాళ్లు ఏరుకొనుట మాని వాక్యము కంఠస్థము చేయుము" అంటిని. వాడు రాతిని మెట్టుమీద పెట్టి వెళ్లిపోయెను. కొన్ని నెలలకు గుడి ప్రహరీ కట్టునప్పుడు బేల్దారి ఆ రాతిని తీసి పునాదిలో వేసెను. నేను చూచుచునే యుంటిని. పిల్లవాడు ఆదివారపు బడికి వచ్చుట మానలేదు గాని, నన్ను ఏదియు అడుగుట మానెను.

ఈ సంగతి నేను మరచితినని అనుకొంటిని. గత సంవత్సరము నంద్యాలలో బి.యస్సీ. చదువుచున్న మా సంఘపు పిల్ల యొకతె, సముద్రపు అడుగున దొరకిన తిమింగలముల శిలాజములనుగూర్చి నాకు చదివి వినిపించెను. మనది మెట్టసీమ. తిమింగలమును కన్నులార చూచినవారు మా సంఘములో ఒక్కరును లేరు. యోనా కథ చెప్పునప్పుడు, శ్రీశైలం జలాశయములో జాలరులు పట్టిన చేపను తలచుకొని దానికంటె ఎంతో పెద్దది అనుకొనుడని పిల్లలతో చెప్పి సరిపెట్టుదును. కాబట్టి ఆ పిల్ల చదువుచుండగా నాకును పిల్లవానివలెనే ఆశ్చర్యము కలిగెను. తరువాత నేనును తెలిసికొనుటకు ప్రయత్నించితిని.

తిమింగలము చచ్చి సముద్రపు లోతునకు దిగిపోయినప్పుడు అక్కడి జీవులకు అది పెండ్లి విందువంటిది. 1987లో క్రెయిగ్ స్మిత్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును ఆల్విన్ అను చిన్న జలాంతర్గామిలో కాలిఫోర్నియా తీరమునకు దూరముగా దిగి, సుమారు 1,240 మీటర్ల లోతున ఒక తిమింగలపు అస్థిపంజరమును చూచిరి. మాంసము పోయి ఎంతో కాలమైనను, ఆ యెముకలను పట్టుకొని లెక్కలేనన్ని చిన్న ప్రాణులు బ్రతుకుచుండెను. ఎముకలనే తొలిచి తిను పురుగులు కూడ కలవని 2002లో కనుగొనబడెను. ఆ పురుగులు విడిచినదానిని సముద్రపు నీరు మెల్లమెల్లగా కరగించును. ఒక కొండవంటి జంతువు ఇట్లు రూపు లేకుండ పోవును.

అయినను అంతయు పోదు. 1872 మొదలు 1876 వరకు చాలెంజర్ అను ఆంగ్లేయుల ఓడ లోకములోని సముద్రముల లోతులను వెదకుచు తిరిగెను. పసిఫిక్ మహాసముద్రపు అడుగునుండి ఎఱ్ఱమట్టిని తోడి పైకి తెచ్చినప్పుడు, దానిలో సొరచేపల పండ్లును, తిమింగలముల చెవి యెముకలును దొరకెను. వాటిపై మాంగనీసు నల్లని పొరగా పేరుకొని యుండెను. చెవి యెముకలే ఏల? తిమింగలపు దేహములో మిగుల గట్టియైన యెముకలలో అవి ముఖ్యమైనవి. పుఱ్ఱెయు వెన్నును ప్రక్కటెముకలును కరగిపోయిన తరువాత కూడ అవి నిలుచును. ఆ లోతులలో వెయ్యి సంవత్సరములకు ఒక మిల్లీమీటరు మట్టియైనను చేరుట అరుదు. జానెడు మట్టి పేరుటకు రెండు లక్షల యేండ్లు పట్టునన్నమాట. ఒక్క గాలివానకు మన గట్టు తెగి దిగువ చేనిలో జానెడు మట్టి మేట వేయుట చూచినవారము మనము! కాబట్టియే లక్షల సంవత్సరముల నాటి యెముక కూడ అక్కడ పూడిపోక, నిన్న పడినదానివలె పైననే యుండవచ్చును.

దక్షిణాఫ్రికా తీరమున చేపలు పట్టు ఓడలు సముద్రపు అడుగును రాచుకొనుచు వలలు లాగునప్పుడు వాటిలో నల్లని రాళ్లవంటివి పడెను. అవి ముక్కు తిమింగలముల పుఱ్ఱెలు. ఈ జాతి తిమింగలములు మిగుల లోతునకు మునుగును. వాటిలో ఒకటి 2,992 మీటర్ల లోతునకు పోయినట్లు 2014లో ప్రకటింపబడెను. వలలలో పడిన ఆ పుఱ్ఱెలను పరిశీలించి, వాటిలో అంతకుముందు ఎవరును ఎరుగని జాతులు కలవని ఇటలీ దేశపు జొవాన్నీ బియనూచ్చియు ఆయన తోటివారును 2007లో వ్రాసిరి. నేను ఆలోచించినది ఆ పండితులనుగూర్చి కాదు. వలలో చేపల నడుమ పనికిరాని బరువు ఒకటి వచ్చినది. ఎవడో ఒకడు దానిని తిరిగి నీళ్లలోనికి నెట్టక ఓడలో నుండనిచ్చెను. వానికి అది ఏమిటో తెలిసియుండదు.

మన దేశములోనే జరిగిన మరియొక సంగతి నన్ను ఇంకను తాకినది. ఎ. రంగారావు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు జమ్మూ ప్రాంతములోని కాలాకోట్ వద్ద రాళ్లలో ఒక చిన్న జంతువు ఆనవాళ్లు కనుగొని, 1971లో దానికి ఇండోహయస్ అని పేరు పెట్టెను. ఆయన సేకరించిన రాళ్లు ఎన్నో పగులగొట్టబడకుండనే యుండెను. ఆయన చనిపోయిన తరువాత భార్య వాటిని పారవేయలేదు. తుదకు హాన్స్ థెవిస్సెన్ అను శాస్త్రజ్ఞుని చేతికి వాటిని అప్పగించెను. ఆయన పనివాడు వాటిని శుభ్రము చేయుచుండగా ఒక పుఱ్ఱె చెవి భాగమున విరిగెను. విరిగిన చోట చూడగా ఎముక గోడ ఒక ప్రక్క దళసరిగా నుండెను. అట్టి చెవి తిమింగలములకే యుండునని అంతవరకు అనుకొనుచుండిరి! పిల్లి కంటె కొంచెము పెద్దదై, చిన్న జింకవలె నాలుగు కాళ్లతో నడచిన ఆ జంతువు తిమింగలముల దగ్గర బంధువని 2007లో లోకమునకు తెలిసెను. అది సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాటిది.

ఆ రాళ్లు ఇంటనున్న దినములలో ఇరుగుపొరుగువారు చూచియుందురా, ఏమనియుందురు అని నేను ఊహించుకొందును. మనిషి పోయిన తరువాత ఆయన సామానులో మొదట బయటికి పోవునవి రాళ్లే గదా.

ఇక్కడ మా పెద్దలలో ఒకరు నన్ను ఆపి, "అయ్యగారూ, కోట్ల సంవత్సరములని చెప్పుచున్నారు, ఆదికాండములోని ఆరు దినముల సంగతి ఏమి?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ లెక్కలు కట్టినవారు అబద్ధికులని నేను చెప్పలేను. వారు తమ పనిని నమ్మకముగా చేసిరి. ఆదికాండము సంవత్సరములు లెక్కించుటకు ఇయ్యబడిన పంచాంగమని కూడ నేను బోధింపలేను. యోబు గ్రంథపు 38వ అధ్యాయమునుండి చదివిచూడుడి. అక్కడ దేవుడు యోబునకు చూపించిన జీవులలో అనేకము యోబునకు ఏ ఉపయోగమును లేనివి. కాడికి కట్టబడవు, పాలియ్యవు, అతని పిలుపునకు రావు. అయినను దేవునికి వాటి సంగతి పట్టినది. మనుష్యుడు పుట్టకముందు సముద్రములో ఆడి చచ్చిన తిమింగలమును ఎవరు చూచిరని అడుగువానికి ఆ గ్రంథమే తగిన జవాబు. ఆ పెద్దలు ఇంకను తల ఊపలేదు. ఆయనను తొందరపెట్టు ఆలోచన నాకు లేదు.

నన్ను ఎక్కువగా చిక్కుపరచినది వేరొక ఆక్షేపణ. అర్థము కాని ప్రతిదానిని దాచుకొనవలెనన్నచో మనము బ్రతుకగలమా? రైతు చేనిలో రాళ్లు ఏరి గట్టున వేయకపోయినయెడల గుంటక దిగదు. బేతంచెర్ల గనులలో బండలు తీయు కూలివాడు బండబండకును ఆగి దానిలో ఏమున్నదో చూచుచుండినయెడల సాయంకాలము వాని పిల్లలకు సంగటి యుండదు. ఆ బేతంచెర్ల దగ్గరనే బిల్లసర్గము గుహలు కలవు. 1844లో న్యూబోల్డ్ అను దొర వాటిలో ఎముకలు కలవని వ్రాసెను. తరువాత 1883 మొదలుకొని రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరయు ఆయన కుమారుడును త్రవ్వించి, ఇప్పుడు మన సీమలో ఎక్కడను కానరాని ఖడ్గమృగము ఎముకలవంటివి తీయించిరి. గంపలు మోసిన కూలివారి పేర్లు ఎవరును వ్రాసిపెట్టలేదు. కాబట్టి దాచుట అను భారమును బీదవానిమీద మోపుట నాకు ఇష్టము లేదు. అది తీరిక గలవారి ధర్మమని కూడ కొంతకాలము సరిపెట్టుకొంటిని.

అయితే ఆ శనివారము నాడు నాకు కూలి పోలేదు, సంగటి తప్పలేదు. నా చేతిలోనికి వచ్చినది రాయి ఒక్కటే కాదు. దానిని మోసికొని వచ్చినవాడు ఒకడుండెను. రాతిని దాచవలెనా లేదా అనునది పండితులు తర్కించుకొనవచ్చును. వాని మాట వినవలెనా లేదా అనుటలో తర్కమునకు చోటెక్కడ?

మా సంఘములో ఒక అవ్వ కలదు. శ్రీశైలం ఆనకట్ట వెనుక నీరు నిలిచి, 1981 ప్రాంతమున మన కర్నూలు వైపునను అవతలి పాలమూరు వైపునను సుమారు నూరు గ్రామములు మునిగినప్పుడు, ఆమె ఊరును మునిగెను. అప్పటికి ఆమె క్రొత్త కోడలు. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరపు గుడి బయటపడు దినములలో ఆమెయు తన ఊరి చోటికి పోయి, బురదలో పాతుకొని యున్న తన రోటిని చూచి వచ్చును. ఆ రోటిని పెరికి తెచ్చుకొనరాదా అని నేను ఒకసారి అంటిని. "తెచ్చుకుంటే చూసేదానికి ఏముంటాది నాయనా" అనెను. ఆ మాట నాకు ఇప్పటికిని పూర్తిగా తెలియలేదు. తెలియలేదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

మొన్న క్రిస్మసుకు ముందు నేను పనిమీద కడప పోయినప్పుడు, తిరుగుదారిలో వేంపల్లె దగ్గర దిగి, వాగు ఒడ్డున వెదకి, ఉల్లిపొరల రాయి ఒకటి సంపాదించితిని. ఆ పిల్లవాడు ఇప్పుడు ఇరువదైదేండ్లవాడు. బేతంచెర్లనుండి హైదరాబాదునకు బండల లారీ నడుపుచున్నాడు. పండుగకు ఇంటికి వచ్చినవానిని పిలిచి, రాతిని చేతిలో పెట్టి, నాటి నా మాటకు క్షమాపణ అడిగితిని. వాడు దానిని అటు ఇటు త్రిప్పి చూచెను.

"ఇది నాది కాదయ్యా. నాదానికి ఒక పక్క పగులు ఉండె" అనెను.

వానిది ఎక్కడున్నదో చెప్పితిని. వాడు పోయి ప్రహరీని మొదటినుండి చివరివరకు చూచి, నవ్వి తిరిగివచ్చెను.

"ఇంతకూ దాంట్లో చేప ఉండాదా, లేదా?"

లేదంటిని. ఆ రాళ్లు చేపలకంటె ఎంతో ముందువనియు, సుమారు 190 కోట్ల సంవత్సరముల క్రిందట వేంపల్లె తావున లోతులేని సముద్రముండగా, కంటికి కనబడని జీవులు పాచివలె పరచుకొని, తమమీద పడిన సున్నపు మట్టిని పట్టుకొని, మరల దానిపైకి పెరిగి, అట్లు పొరమీద పొర కట్టినవనియు, నాకు తెలిసినంతమట్టుకు చెప్పితిని. లారీ రోడ్డుమీద నిలిచియుండెను. క్లీనరు రెండుసార్లు హారను మ్రోగించెను. వాడు చేయెత్తి వానిని ఆగుమని, వసారాలో కుర్చీ లాగికొని కూర్చుండి, "కంటికి కనపడనివైతే అవి ఉండినట్ల ఎట్ల తెలిసెనయ్యా?" అని అడిగెను.