పరిశోధనకు అధికారి ఎవరు?

పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చాక మరో ఆచార్యుడి పర్యవేక్షణలో, నిర్ణీత గడువుకు లోబడి పరిశోధన చేసే వ్యక్తి పోస్ట్‌డాక్టరల్ ఫెలో. చదువు పూర్తయిందని విశ్వవిద్యాలయమే ముద్ర వేశాక మళ్లీ అర్హత చూడటం దేనికి? పైకి ఇది ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది గానీ, మన దర్శనాలు దీన్ని ‘అధికార’ విచారణగా ఏనాడో చేపట్టాయి. జైమిని మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం విషయం ఇదే.

మీమాంసకులు అధికారిలో ముఖ్యంగా చూసేవి మూడు: ఫలం మీద కోరిక, చేయగల సామర్థ్యం, శాస్త్రనిషేధం లేకపోవడం. కేంద్రంలో ఒకప్పటి సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు (సెర్బ్) ప్రవేశపెట్టిన నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ నిబంధనల్లోనూ ఈ మూడూ దొరుకుతాయి. పీహెచ్‌డీ, అచ్చయిన పేపర్లు సామర్థ్యానికి గుర్తు. పరిశోధన ప్రతిపాదన కోరికకు గుర్తు. 35 ఏళ్ల వయోపరిమితి నిషేధం కిందికి వస్తుంది.

చిక్కంతా కోరికను కొలవడంలోనే. ప్రతిపాదన బాగా రాయగలిగినంత మాత్రాన తెలుసుకోవాలన్న తపన ఉన్నట్టు కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరికి వెళతాడు. ముందు నీకు తెలిసిందేమిటో చెప్పమంటాడు గురువు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య అంటూ నారదుడు పెద్ద జాబితానే వల్లిస్తాడు. ఇన్ని చదివినా తనకు మంత్రాలే తెలుసు తప్ప ఆత్మ తెలియదని, ఆ దుఃఖం దాటించమని వేడుకుంటాడు. జాబితా సామర్థ్యాన్ని చూపింది, ఒప్పుకోలు కోరికను చూపింది. నేటి బయోడేటాలో ఆ ఒప్పుకోలుకు గడి లేదు. ఎవరైనా రాసినా ఎంపిక సంఘం హర్షించదు.

ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడిది మరో పద్ధతి. తన దగ్గరికి వచ్చిన ఆరుగురూ అప్పటికే బ్రహ్మనిష్ఠులు. అయినా ఏడాది పాటు తపస్సుతో, శ్రద్ధతో తన దగ్గర ఉండి ఆపైన అడగమన్నాడు. ఫెలోషిప్ గడువు రెండేళ్లు. కాలంతో పరీక్షించడం రెండుచోట్లా ఉంది. పిప్పలాదుడు మాత్రం ఆ ఏడాదికి పేపర్ల లెక్క అడగలేదు.

ఇక నిషేధం. అధికారం అందరికీ ఉందని బాదరి అనే ఆచార్యుడు అన్నాడు. జైమిని స్త్రీలకు యాగాధికారం ఒప్పుకుని, శూద్రులకు కాదన్నాడు. బ్రహ్మసూత్రాల్లోనూ శూద్రుడికి వేదవిద్యాధికారం లేదన్నారు. కానీ ఆ సూత్రాలకు శంకరులు రాసిన భాష్యం శూద్రులైన విదురుడు, ధర్మవ్యాధుడు జ్ఞానులని కాదనలేకపోయింది. పూర్వజన్మ సంస్కారమని సర్దిచెప్పింది. ఎదురుగా జ్ఞానం కనిపిస్తుంటే నిషేధానికి ఇలాంటి సర్దుబాట్లు తప్పవు.

వయోపరిమితిని కులనిషేధంతో సమానమనడం అన్యాయం. అయితే పిల్లల్ని పెంచి ఆలస్యంగా పీహెచ్‌డీ ముగించిన స్త్రీకి కోరిక తక్కువనో శక్తి తక్కువనో ఆ అంకె చెప్పలేదు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు ఇచ్చిన ఐదేళ్ల సడలింపు ఈ లోటును కొంత ఒప్పుకున్నట్టే. 41వ ఏట పీహెచ్‌డీ ముగించినవారికి ఆ సడలింపూ అందదు.