చేపలు లేని గంప

ఇంగ్లండులోను అమెరికాలోను ఏటియొడ్డున గాలము వేయువారు పూర్వము ఒక చిన్న గంపను భుజమునుండి వ్రేలాడదీసికొని పోవుచుండిరి. దానికి క్రీల్ అని పేరు. నిరవంజి చెట్ల సన్నని కొమ్మలతో అల్లుదురు. మూతలో చేప దూరునంత రంధ్రముండును. మూత తీయకయే చేపను లోపలికి జారవిడువవచ్చును. అడుగున తడి గడ్డి పరచుదురు. అల్లిక సందులలో గాలి ఆడి తడి ఆరుచుండగా, మన మట్టి కూజాలో నీళ్లవలెనే, లోపల చల్లగా నుండును. మంచుగడ్డల పెట్టెలు వచ్చినమీదట ఈ గంపతో పని తగ్గిపోయెను.

పని తగ్గినకొలది ధర పెరిగెను. ఇదియే వింత. నేడు ఈ పాత గంపలను, దారము చుట్టు ఇత్తడి చక్రములను, వెదురు గాలపు కర్రలను వెదకి కొని గాజు బీరువాలలో దాచుకొనువారు అనేకులు. ఒహైయో రాష్ట్రమువాడైన రైలీ హాస్కెల్ 1859లో పేటెంటు పొందిన లోహపు బొమ్మచేప ఒకటి, అనగా చేపలను భ్రమపెట్టు ఎర, 2003లో వేలమున లక్ష డాలర్లకు పైగా పలికెను. సాధారణముగా వాడని సామగ్రికే ఎక్కువ వెల. నీళ్లలో దిగని గాలము, పొలుసు అంటని గంప! 1872లో ఆల్నిక్ పట్టణమున హార్డీ సోదరులు స్థాపించిన కంపెనీవారి చక్రములైతే వాటిమీద పేరుండును. గంప అల్లినవాని పేరు మాత్రము చాలమట్టుకు ఎవరికిని తెలియదు.

ఇట్లు దాచుట లోభమా, కృతజ్ఞతయా? వెంటనే లోభమని తీర్పు తీర్చుటకు మాకు నోరు రాదు. దాచినవారు లేనియెడల ఆ అల్లిక ఎట్టిదో నేడు ఎవరెరుగుదురు? చిమ్మెటను తుప్పును గూర్చి ప్రభువు చెప్పిన మాట వీరికి దినదినము జరుగు సంగతి. ఈకలతో కట్టిన ఎరలను చిమ్మెట కొట్టును, గాలములను తుప్పు తినును, గంపను పురుగు తొలుచును. వాటితో పోరాడుటకే వారి సాయంకాలములు చెల్లిపోవును.

మోషే చేసిన ఇత్తడి సర్పము ఒకప్పుడు ప్రాణములు కాపాడినదే. తరువాతివారు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని పగులగొట్టెను. గాజు బీరువాకు ఎవరును ధూపము వేయరు, నిజమే.

అయితే మా యింటి సంగతియు చెప్పవలెను. మా తండ్రిగారు చేపలు పట్టిన వెదురు ఊత ఒకటి అటకమీద నుండెను. ఒక వానకాలమున ప్రక్కయింటి పిల్లవాడు వచ్చి, "అయ్యగారూ, కాలువలో చేప ఎక్కుచున్నది. ఊత ఇయ్యండి, సాయంత్రము తెచ్చి యిచ్చెదను" అని అడిగెను. నాన్నగారి గురుతు, విరిగిపోవునేమోయని మేము ఇయ్యలేదు. ఆ దినములలో వాని యింట కూరకు జరుగుట లేదని తరువాత తెలిసెను. మరుసటి యేట చూడగా ఊతకు చెదలు పట్టి చేతిలో పొడియాయెను. మా తండ్రిగారు అడిగినవారికెల్ల దానిని ఇచ్చుచుండిరి. ఆయన దినములలో అది ఎన్నడును అటక ఎక్కలేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు బిడ్డల తండ్రి. ఆదివారము గుడి వాకిట మమ్మును చూచి వందనములు చెప్పును. ఊత మాట ఎన్నడును ఎత్తలేదు.